వెంకటరత్నం గారి రైలు రేటు కేసు

2017. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్ మీద ఒక చీరల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. సరుకు మోసినందుకు రైల్వే కంపెనీలు అడిగే రేటు న్యాయమైనదో కాదో లెక్కకట్టి, లాయర్లతో కలిసి ఫెడరల్ బోర్డుకి కేసు తయారుచేయడం నా పని. గెలిచిన కేసులు చాలావరకు మరిచిపోయాను. బోర్డు గడప కూడా ఎక్కకుండా పోయిన ఈ ఒక్కటి మాత్రం ఇంకా మింగుడు పడలేదు.

వెంకటరత్నం గారు డెబ్బై దాటిన కెమికల్ ఇంజనీరు. ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో ప్లైవుడ్ జిగురు ఫ్యాక్టరీ నడిపేవారు. ముడిసరుకు ట్యాంకర్ వ్యాగన్లలో రావాలి. లారీల్లో తెస్తే గిట్టదు. ఆ ఊరికి ఒక్క కంపెనీ రైలే వస్తుంది. ఇలా వేరే దారిలేక ఒకే రైల్వేకి చిక్కినవాళ్ళని మా వృత్తిలో క్యాప్టివ్ షిప్పర్ అంటాం. ఆ రైల్వే రేటుని దాదాపు రెట్టింపు చేసింది. అది తగ్గకపోతే ఫ్యాక్టరీ మూతే.

ఆయనకి ఈ దేశపు చట్టం మీద మహా నమ్మకం. "రేటు రీజనబుల్‌గా ఉండాలని 1887లోనే లా చేశారమ్మా. రైతుల్నీ చిన్న వ్యాపారుల్నీ రైల్వేలు పీల్చేస్తుంటే గవర్నమెంట్ చూస్తూ ఊరుకోలేదు. మనలాంటి వాళ్ళ కోసమే కదా ఆ లా," అనేవారు.

నేను మొదటిరోజే చెప్పాను. "బోర్డు చూసేది టారిఫ్ రేటుని, అంటే రైల్వే అందరికీ ప్రకటించిన రేటుని. మీరు విడిగా కాంట్రాక్ట్ సైన్ చేస్తే బోర్డు ఇక దాని జోలికి రాదు. వాళ్ళు ఏ కాగితం ఇచ్చినా ముందు నాకు పంపండి సార్."

"అలాగేనమ్మా."

నెలల తరబడి లెక్కలు కట్టాం. తీరా కేసు ఫైల్ చేసే వారం ఆయనే ఉత్సాహంగా ఫోన్ చేశారు.

"నిన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. రైల్వే సేల్స్ మేనేజర్‌ని కూడా పిలిచాను, పాత పరిచయం కదా. మా ఆవిడ పులిహోర పెడితే మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. వ్యాగన్లు టైముకి పంపిస్తాం, ఐదేళ్ళకి సైన్ చెయ్యమన్నాడు."

"చేశారా?"

"ఇంటికొచ్చి భోంచేసిన మనిషి పెన్ను చేతికిస్తే కాదని ఎలా అంటామమ్మా? అయినా కేసు దారి కేసుది, స్నేహం దారి స్నేహానిది."

కాంట్రాక్ట్ తెప్పించుకుని చదివాను. పెంచిన రేటే, ఐదేళ్ళపాటు. ఆయన మీదా, ఆ తిన్నవాడి మీదా ఒకేసారి ఒళ్ళు మండింది. కాసేపాగి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

"మరి ఆ లా?" అన్నారు.

"లా ఉంది సార్. ఈ కాంట్రాక్ట్ ఉన్నన్నాళ్ళూ మీకు పనికిరాదు."

కాంట్రాక్ట్ గడువు సగం కూడా కాకముందే ఫ్యాక్టరీ మూతపడింది. పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆయనే చెప్పారట. పలకరిద్దామని ఫోన్ చేస్తే, "ఆ మేనేజర్ మంచివాడేనమ్మా, అతని ఉద్యోగం అతను చేశాడు," అన్నారు. అప్పుడు కూడా మొహమాటమే. ఫోన్ పెట్టేసి, చాలాసేపు ఏడ్చాను.

ఈ కేసు నేర్పిన పాఠం నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. ఇప్పుడు మనవాళ్ళెవరైనా కేసుతో వస్తే, రేటు అడగకముందే, రైల్వేవాళ్ళు మీ ఇంటికి భోజనానికి వస్తుంటారా అని అడుగుతున్నాను. అందరూ నవ్వుతారు. నవ్వినవాళ్ళలో కొందరు అప్పటికే సంతకం పెట్టేసి ఉంటారు.