చిన్నాయన వేయించిన చీనా అన్నం

మొన్న మా అమ్మాయి వంటింట్లో సోయా సాస్ సీసా మూత తీసింది. కాస్త మాడినట్టు, కాస్త పులిసినట్టు, ఉప్పటి వాసన ఒకటి వసారా దాకా వచ్చి, కుర్చీలో కునుకుతున్న నన్ను ముక్కు పట్టుకుని లేపింది. "చైనీస్ ఫ్రైడ్ రైస్ చేస్తున్నానమ్మా, మీ చిన్నప్పుడు ఇవన్నీ ఎక్కడివిలే" అంది. నాకు నవ్వొచ్చింది. నరసరావుపేటకు ఈ సీసాలు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, మా పూరింటి పెరట్లో, మూడు రాళ్ల పొయ్యి మీద వేయించిన చీనా అన్నం తిన్నదాన్ని నేను. పల్నాడు మొత్తం మీద మొదట తిన్నది మేమే అంటాను. కాదనగలిగిన వాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు.

వెల్దుర్తి దగ్గర మా ఊరంతా మెట్ట. చలికాలం వచ్చిందంటే కందిచేల మీద మంచు, ఇంటింటి ముందూ పత్తికట్టె మంటలు, ఆ మంటల పక్కన ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒలుచుకుంటూ గచ్చకాయలాడుకునే మేము, పెరట్లో ఎడ్ల కోసం ఉలవలు ఉడికే పెద్ద కుండ, ఆ ఉలవకట్టులో చింతపండూ ఉప్పూ వేసి మా అమ్మ పొద్దస్తమానం మరిగించిన ఉలవచారు. అదెంత చిక్కగా ఉండేదంటే, ఒకసారి అందులో పడ్డ ఈగ మునగలేక నడుచుకుంటూ బయటికొచ్చింది. రోజూ తినేది జొన్న సంకటి, కాకపోతే కొర్రన్నం. వరన్నం క్రిస్మస్‌కూ జ్వరానికీ తప్ప కనిపించేది కాదు, అందుకని మా ఇంట్లో పిల్లలకు తరచుగా జ్వరాలొచ్చేవి.

యుద్ధం రోజులవి. రంగూన్ మీద బాంబులు పడుతున్నాయనీ, అక్కడి మనవాళ్లంతా అడవులకు అడ్డంపడి నడిచొస్తున్నారనీ మిషన్ బడిలో పంతులైన మా నాయన చెబుతుండేవాడు. ఒకరోజు ఆ నడిచొచ్చేవాళ్లలో ఒకడు మా వాకిట్లోనే తేలాడు. ఎదురు రొమ్ము దాకా గడ్డం, చిరిగిన నిక్కరు, భుజాన గోనెగుడ్డలో చుట్టిన ఇనుప మూకుడు. మా నాయన తమ్ముడు, దావీదు చిన్నాయన. పెళ్లైన కొత్తలోనే భార్య రూతమ్మను అచ్చంపేటలో పుట్టింట దిగబెట్టి రంగూన్ పోయిన మనిషి. అక్కడ చీనావాడి హోటల్లో వంట చేశాననీ, దారిలో పులి ఎదురైతే ఈ మూకుడు మీద గరిటెతో వాయించి తరిమాననీ చెప్పాడు. పులి పారిపోయింది మూకుడు చప్పుడుకు కాదు, వీడు పాడిన కీర్తనకు అని మా నాయన సవరించాడు.

అచ్చంపేటలో మాత్రం వేరే మాట నడిచింది, అతను రంగూన్‌లో ఇంకొకతెతో కాపురం పెట్టాడని. ఒక శనివారం రూతమ్మ పిన్ని తండ్రిని వెంటబెట్టుకుని బండి దిగింది. ఉండటానికో, తెగతెంపులు చేసుకోవడానికో ఆమెకే తెలియాలి. మూట చంకలోంచి దించలేదు.

"హోటల్లో అన్నం వేయించేవాణ్ని, నమ్మవే" అన్నాడు చిన్నాయన.

"అయితే అదేందో వేయించు. పొయ్యికాడ నిలబడ్డ చెయ్యో, ఎవతో వండి పెడితే తిన్న చెయ్యో చూస్తే నాకు తెలవదా? రేపు పొద్దునదాకా ఉంటా. కాదనుకుంటే వచ్చిన బండే ఎక్కుతా" అంది పిన్ని.

చీనా అన్నానికి ముందురోజు వండి ఆరబెట్టిన అన్నం కావాలట. క్రిస్మస్ కోసం దాచిన వరి బియ్యాన్ని నాయనమ్మ మూలుగుతూనే తీసిచ్చింది. సాయంత్రం ఆ అన్నం వండి, తట్టలో పలచగా పరిచి, పైన గుడ్డ కప్పి, పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు దానికి విసురుతూ కూర్చున్నాడు చిన్నాయన.

తెల్లారి గుడ్డ ఎత్తితే తట్టలో మెతుకు లేదు. అన్నమంతా మూలనున్న చద్దికుండలో, నీళ్లలో, కాసిన్ని మజ్జిగతో, పైన ఉల్లిపాయ ముక్కలతో చల్లగా తేలుతోంది.

"ఏందమ్మా ఈ పని?"

"మిగిలిన అన్నంలో నీళ్లు పొయ్యకపోతే నాకు నిద్దరెట్టా పడుద్దిరా?" అంది నాయనమ్మ.

"అది మిగిలింది కాదు, నేను ఆరబెట్టింది."

"ఆరబెట్టటానికి అయ్యేమన్నా వడియాలా?"

పిన్ని తండ్రి మీసాల కింద నవ్వుకుంటూ ఎడ్లను విప్పడానికి లేచాడు. పిన్ని మూట దగ్గరికి లాక్కుంది. చిన్నాయన వంటింటంతా కలయజూశాడు. మేము రాత్రి తినగా మిగిలిన కొర్రన్నం ఒక్కటే, చద్దికుండ అప్పటికే నిండిపోవడం వల్ల నీళ్ల పాలు కాకుండా, దాకలో గింజకు గింజ విడివిడిగా పొడిపొడిగా ఉంది. అతని ముఖం విప్పారింది.

పత్తికట్టె ఎగదోసి, మూకుడు పొగలు కక్కేదాకా కాల్చి, నువ్వుల నూనె పోసి, చితక్కొట్టిన వెల్లుల్లి, సన్నగా నిలువునా చీరిన చిక్కుళ్లు, బఠాణీలకు బదులు పచ్చి కందిగింజలు, గుప్పెడు ఉల్లికాడలు ఒకదాని వెనక ఒకటి విసిరి, కొర్రన్నం కుమ్మరించి మణికట్టు ఒక్క విదిలింపు విదిలించాడు. అన్నం చూరు దాకా లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, ఒక్క గింజ ఒలక్కుండా మూకుట్లోకి దిగింది. చీనావాళ్లు పోసే నల్లరసం మాకెక్కడిది? అమ్మ మరిగించిన ఉలవచారు గరిటెడు అంచుల వెంట తిప్పి పోశాడు. సుయ్యిమని మంట పైకి లేచింది. పక్కింటి మార్తమ్మత్త మా ఇల్లంటుకుందనుకుని బిందెతో నీళ్లు మోసుకొచ్చింది. ఆ నీళ్లను కూడా నాయనమ్మ చద్దికుండలోనే పోయించిందంటే మీరు నమ్మాలి.

మేమంతా మూకుట్లోకి చూస్తుంటే పిన్ని అతని చేతినే చూస్తూ ఉంది. దించగానే ఆ చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. ముంజేతి మీద పాత నూనె చిట్లిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి, చోటు లేకుండా. మోదుగాకు విస్తరిలో పెట్టించుకుని మొదటి ముద్ద మెల్లగా నమిలింది. చీనావాళ్లలా తినమని చిన్నాయన చెక్కిచ్చిన కందిపుల్లలతో మేము గింజలు ఏరుకోలేక అవస్థపడుతున్నాం. పొగ, నువ్వుల నూనె, పచ్చి కందుల కమ్మదనం, ఉలవచారు మాడిన పులుపు... అంత రుచి నేను మళ్లీ ఎరగను.

"ఉప్పు చాల్లేదు" అంది పిన్ని.

"బండి కట్టానే, ఎక్కుతావా?" అని బయటి నుంచి తండ్రి కేకేశాడు.

"నువ్వు పో నాయనా. నాకిక్కడ మాడిన మూకుడు తోమే పనుంది."

ఆ మూకుడు ఆమె నలభై ఏళ్లకు పైగా తోమింది. అందులో వండిందెప్పుడూ చిన్నాయనే. ఎవరడిగినా, "ఆ పూట ఆకలి మీదుండి ఉండిపోయా గానీ, లేకపోతేనా" అనేది ఆయన వినేలాగా.

ఇద్దరూ పోయారు. ఎడ్ల చావిళ్లలో ట్రాక్టర్లు నిలబడ్డాయి కాబట్టి ఉలవలు ఉడికే కుండలూ లేవు. మా మెట్టంతా పత్తీ మిరపే, కొర్రచేను చూద్దామన్నా కనపడదు. మా అమ్మాయి చేసిన ఫ్రైడ్ రైస్ బాగానే ఉంది, రెండోసారి పెట్టించుకున్నాను కూడా. కానీ మర్నాడు కొర్రల కోసం బజారంతా తిరిగాను. చివరికి పక్షుల మేత అమ్మే కొట్లో దొరికాయి.

"ఎన్ని చిలకలున్నాయమ్మా ఇంట్లో?" అన్నాడు కొట్టతను తూకం వేస్తూ.

"ఒకటుండేది. ఎగిరిపోదామనే వచ్చింది. ఇవి తిని ఉండిపోయింది" అన్నాను.