చిన్న గ్లాసులు వచ్చిన ఆదివారం

మొన్న సీతమ్మధారలో మా పక్క వాటాలో అద్దెకు దిగిన అమ్మాయి, యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదువుతోందట, నేనూ ఒకప్పుడు అదే పని చేశానని ఎవరో చెబితే వచ్చి, లోకం వెలివేసిన వాళ్లతో పనిచేసేటప్పుడు మీరు ఏ సిద్ధాంతం వాడేవారండీ అని అడిగింది. తెలిసిన పేర్లు రెండు మూడు చెప్పి పంపాను గాని, ఆ పిల్ల వెళ్లాక నాకు గుర్తొచ్చింది సిద్ధాంతం కాదు, ఒక తల్లి.

డెబ్బయ్యో దశకంలో ఈ ఊళ్లో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది, ఓడరేవు వైపు నుంచి గాలి వీచిందంటే ఆరేసిన బట్టల మీద ఎర్రటి ఖనిజపు ధూళి పడేది. ఆ రోజుల్లోనే నేను చదువు ముగించి, ఊరికి ఎడంగా కొండ వెనక ఉన్న కుష్ఠు కాలనీలో ఉద్యోగంలో చేరాను. ప్రార్థన కాందే పొయ్యి వెలిగించని ఇంట్లో పుట్టినదాన్ని కనుక, ప్రభువు కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టుకున్న సంగతి నాకు సండే స్కూల్లోనే తెలుసు. కాలేజీలో చెప్పినదీ దానికి దూరంగా ఏమీ లేదు. రోగం కన్నా లోకం వేసిన ముద్రే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని, ఆ ముద్ర చెరపాలంటే రోగితో మాట్లాడితే చాలదనీ చుట్టూ ఉన్న కుటుంబాన్నీ సంఘాన్నీ కూడా కదిలించాలనీ, అన్నిటికన్నా ముందు నీకేం కావాలి అని ఆ మనిషినే అడగాలనీ మా మాస్టార్లు చెప్పేవారు. వాక్యమూ చదువూ ఒక్కటే చెబుతున్నాయి, ఇక చెయ్యడమే తరువాయి అనుకున్నాను.

కాలనీలో యారాడ నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది. ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. మందులతో రోగం నయమైంది, ఎవరికీ అంటదని డాక్టరుగారు చెప్పారు. వేళ్లు మాత్రం స్పర్శ పోయి లోపలికి ముడుచుకుపోయాయి. ఆమె కూతుర్ని పాలు మానగానే విడదీసి, మా గుడి సంఘం నడిపే ఆడపిల్లల హాస్టల్లో పెంచారు. రోగుల పిల్లలందరికీ అప్పటి పద్ధతి అదే. చూడనిచ్చిన రోజున ఆమె హాస్టలు గేటు బయట నిలబడేది, పిల్ల వరండాలో నిలబడేది.

నీకేం కావాలి అని నేను అడిగినప్పుడు ఇల్లూ పనీ అడుగుతుందనుకున్నాను. ఆమె నవ్వింది. "నాకేటి గావాలమ్మగోరూ? నా గుంట ఈ ఏడు బల్లలో సెయ్యేత్తాదట. దాని పక్కన మోకరించి, అది తాగిన గిన్నెలోనే నానూ ఒక గుక్క తాగాల. నా కడుపున పుట్టినదానితో కలిసి ఒక్క ముద్దయినా తిన్నానా, నేదు."

బల్లలో చెయ్యి వెయ్యడమంటే ప్రభురాత్రి భోజనపు రొట్టె, ద్రాక్షారసం మొదటిసారి పుచ్చుకోవడం. మా గుడిలో అప్పుడు ఆ భోజనానికి ఒకటే వెండి గిన్నె. మోకరించిన వాళ్ల పెదవులకు పాస్టరు అయ్యగారే ఆనించి, తుడిచి, పక్కవాళ్లకు అందించేవారు. ఎవరూ చేత్తో పట్టుకోనక్కర్లేదు. అందుకే ఆమె కోరిక తీరడానికి చేతులు అడ్డం కావని సంబరపడ్డాను. ఇక సంఘాన్ని సిద్ధం చేయాలి. స్త్రీల కూటానికి డాక్టరుగారిని పిలిపించాను, యౌవనస్థులను కాలనీకి తీసుకెళ్లి పాటలు పాడించాను, హాస్టలుకు వెళ్లి ఆ పిల్లతో మాట్లాడాను. అందరూ తల ఊపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మా మేనమామ, సంఘ పెద్దల్లో మొదటివాడు, నా నెత్తి మీద చెయ్యి వేసి దీవించాడు. ముద్ర చెరిగిపోతోందని నేను నమ్మాను.

ఆ ఆదివారం మద్దిలపాలెంలో బస్సు మారి, చేతులు పైట కొంగులో దాచుకుని, ఆమె నాతో గుడికి వచ్చింది. మెట్ల దగ్గర మా మేనమామ నవ్వుతూ ఎదురొచ్చి నా చెవిలో అన్నాడు: "ఇంక ఎవులికీ ఇబ్బంది నేదు తల్లీ. ఎవులిది ఆలకే. నీ మనిసి దర్జాగా రావొచ్చు." లోపల బల్ల మీద తెల్లగుడ్డ కింద వెండి గిన్నె లేదు. చెక్క పళ్లెం నిండా బొటనవేలంతేసి గాజు గ్లాసులు, మనిషికొకటి. ఆయన మనసులో కల్మషం లేదు. పీటముడి విప్పేశానని ఆనందపడుతున్నాడు, అంతే.

తల్లీ కూతుళ్లు పక్కపక్కనే మోకరించారు. రొట్టె ముక్క అయ్యగారు ఆమె అరచేతిలో పెట్టారు, తిన్నది. తరవాత పళ్లెం వచ్చింది. ముడుచుకున్న వేళ్లతో ఒక గ్లాసు తీయబోయింది, జారింది. రెండు మణికట్ల మధ్య ఇంకొకటి బిగించి ఎత్తబోయింది. అది ఒరిగిపోయి ద్రాక్షారసం తెల్లగుడ్డ మీద పడింది. గుడంతా చూస్తోంది. పక్కన ఉన్న పిల్ల చెయ్యి చాపి ఒక గ్లాసు తల్లి నోటికి అందిస్తే సరిపోయేది. ఆ పిల్ల కళ్లు మూసుకుని తన గ్లాసు తాను తాగి, లేచి, ఎడం వైపు నుంచి వెళ్లి హాస్టలు పిల్లల మధ్య కూర్చుంది. నేను వెనక వరసలోంచి లేచి వెళ్లేసరికి పళ్లెం ముందుకు సాగిపోయింది.

బయట మెట్ల మీద నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఓదార్చింది. "ఊరుకో అమ్మగోరూ. మణుగు సేపలు మోసిన సేతులు, గుక్కెడు మొయ్యనేకపోనాయి, సూడు!" అని నవ్వి, "నా గుంటనేటీ అనకండే. బయపడ్డాది, అంతే" అంది.

తరవాత నేను చెయ్యనిది లేదు. మళ్లీ కూటాలు పెట్టాను, గిన్నె తిరిగి తెమ్మని పెద్దలను బతిమాలాను. అందరికీ ఆరోగ్యం కదమ్మా అన్నారు. ఆ మాటకు జవాబు నా చదువులో లేదు. పిల్లను కాలనీకి రమ్మన్నాను, వస్తానంది, రాలేదు. ఎనభైల మొదట్లో ఆ పిల్లకు మంచి సంబంధం కుదిరింది. అత్తవారికి తల్లి లేని పిల్ల అనే చెప్పారు. ఆ అబద్ధం నిలబెట్టమని నా చేత ఒట్టు వేయించుకున్నది ఆ తల్లే. కొన్నేళ్లకు ఆమె పోతే, కూతురికి కబురు పంపడానికి కూడా నాకు దారి లేకపోయింది. కాలనీవాళ్లం మోసుకెళ్లి పాతిపెట్టాం.

ఇప్పుడు మందులు మెరుగయ్యాయి, వేళ్లు ముడుచుకునేదాకా రానివ్వడం లేదంటారు. కాలనీ చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, అక్కడివాళ్లకు ఆ చోటు కథే తెలియదు. సిద్ధాంతాలూ మారాయి, కొత్త పిల్లలు మాకన్నా బాగా చదువుకుంటున్నారు. మా గుడిలో ఇప్పుడు ఎవరికీ ఎవరి ఎంగిలీ తగలదు, ఎవరికి వారు తాగి లేస్తారు, అదే శుభ్రమని మనుమల తరం అనుకుంటోంది. నేను ఈనాటికీ విశ్వాసినే. పరలోకంలో ప్రభువు వేసే బల్ల దగ్గర గిన్నె ఒకటే ఉంటుందని, దాన్ని ఆయనే ఆ తల్లి పెదవులకు ఆనిస్తాడని నిస్సందేహంగా నమ్ముతాను. ఆమె పక్కన ఆ పిల్ల ఉంటుందా అని మాత్రం, ఎంత ప్రార్థించినా, నమ్మలేకపోతున్నాను.