రోస్విత పెట్టిన పచ్చ ఏనుగు

కార్ల్ మార్క్స్ స్టాట్ నూలు మిల్లు బ్యాండుకు పాటలు రాసేది రోస్విత ట్యూబ్నర్. పగలంతా కండెలు మార్చడం, భోజనాల వేళ క్యాంటీన్ బల్ల మీద ప్రాసలు వెతుక్కోవడం, ఇదీ ఆవిడ జీవితం. ఆ కమ్యూనిస్టు దేశంలో పాడాలంటే ముందు సర్కారు కమిటీ ఎదుట నిలబడాలి. వాళ్లు పాట చదివి, కత్తిరించాల్సింది కత్తిరించి, అట్టముక్క మీద ముద్ర వేస్తేనే బ్యాండుకు వేదిక. లేదంటే గిటార్లు అటకెక్కాల్సిందే.

కత్తిరించకపోతే కమిటీకి అన్నం సయించదు. అందుకే పాటలు రాసేవాళ్లు ఒక ఉపాయం పట్టారు. కావాలనే ఒక ఎబ్బెట్టు మాట పెట్టేవారు, గుడ్డివాడికైనా కనిపించేలా. దానికి పచ్చ ఏనుగు అని పేరు. కమిటీ ఆ ఏనుగును తరిమి తృప్తిపడేది, అసలు మాట బతికిపోయేది.

ఆ ఏడు రోస్వితకు అసలు మాట ఒక్కటే. తమ్ముడు ఎకార్ట్ సరిహద్దు దాటబోయి పట్టుబడి జైల్లో ఉన్నాడు. ఉత్తరాల్లో సగానికి నల్ల సిరా పూస్తున్నారు. "వంటింటి దీపం ఆర్పలేదురా, నువ్వొచ్చేదాకా" అన్న చరణం రేడియోలో వస్తే వాడి చెవిన పడుతుందని ఆమె ఆశ.

"ఏనుగును పెట్టావా?" అన్నాడు బ్యాండు పెద్ద లోథార్.

"పెట్టకేం! విను. కూర్చోమంటే కూర్చుంటా, లెమ్మంటే లేస్తా, ఎందుకని అడగబోతే నా నాలుక నేనే కొరుక్కుంటా."

"అమ్మ బాబోయ్, ఇంత వెక్కిరింతా! చచ్చినా ఉంచరు."

"ఉంచకూడదనేగా!"

కమిటీ అధ్యక్షుడు క్యోనెకె కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు. "ట్యూబ్నర్ గారూ, ఇన్నాళ్లకు మంచి పాట రాశారండీ! ఈ క్రమశిక్షణ ముక్కనే పల్లవి చేసేయండి. ఈ దీపం గోల దేనికి? కరెంటు పొదుపు చేయండి మొర్రో అని మేం మొత్తుకుంటుంటే!" కమిటీ అంతా పకపకా నవ్వింది.

అది వెక్కిరింత అని చెబితే తమ్ముడి పక్క గది తనకే. చెప్పకపోతే చరణం పోతుంది. పక్కనే కూర్చున్న లోథార్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. "అలాగేనండీ" అంది రోస్విత. తన మీద తనకే అసహ్యం వేసింది.

పాటకు బహుమతి కూడా వచ్చింది. ఫిబ్రవరిలో ములాఖత్తుకు వెళితే ఎకార్ట్ చిక్కి సగమైపోయి ఉన్నాడు.

"అక్కా, పొద్దున్నే వరసలో నిలబెట్టి ఓ పాట పాడిస్తున్నారు తెలుసా? కూర్చోమంటే కూర్చుంటా అని. ఎవడైనా గొంతు తగ్గిస్తే మళ్లీ మొదట్నుంచీ."

"జైలు కబుర్లొద్దు" అని కసిరాడు కాపలావాడు.

"పాట గురించేగా సార్. ఏ వెధవ రాశాడో గానీ, వాడికి తోడబుట్టినవాళ్లు ఉండి ఉండరు." ఎకార్ట్ అక్క వైపు తిరిగాడు. "బయట కూడా పాడుతున్నారా?"

"ఏమోరా, నేను వినలేదు" అంది రోస్విత.