గడప మునిగిన శుక్రవారం

పురిటికొచ్చిన కూతురు ఇంట్లో ఉంది. గుమ్మంలోకి కృష్ణ వరద వచ్చింది. ఆ రోజు శుక్రవారం. మీరైతే ఆ పిల్లని గడప దాటిస్తారా, దాటించరా?

నవ్వకండి. దాటిస్తామని అంత తొందరపడి చెప్పకండి కూడా. మొన్న మీ అమ్మాయిని అత్తారింటికి పంపడానికి శనివారం దాకా ఎందుకు ఆగారో ముందు గుర్తు తెచ్చుకోండి. తర్వాత నేను చెప్పేది వినండి.

తొంభైల్లో ఒక అక్టోబరు. మా పట్టాళం కంపెనీ సికింద్రాబాదు నుంచి లారీల్లో బయల్దేరి గురువారం తెల్లవారి 5:20కి విజయవాడ చేరింది. వాన సన్నగా పడుతోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. నీళ్ళు పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి. ఆ హోరులో పక్కవాడి మాట వినపడటం లేదు. అక్కణ్ణించి కరకట్ట వెంట కిందికి దిగాం. 9:15కి కట్ట మీద గుడారాలు వేశాం. కట్టకి ఒక పక్క రోడ్డు, వరిచేలు, బస్సు కోసం నిలబడ్డ జనం. రెండో పక్క నది. నది మధ్యలో లంక. లంకలో అరటితోటల తలలు, కొన్ని ఇంటికప్పులు మాత్రం కనిపిస్తున్నాయి.

మా ఊరు ఉయ్యూరు పక్కన. ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళ వెనక పరిగెత్తి గడలు లాక్కుని తిన్నవాణ్ణి. ఆ సంగతి సుబేదార్ సాబ్‌కి తెలుసు. అందుకే నన్ను రెండో నంబరు పడవలో వేశాడు.

"నీకు వీళ్ళ భాష వచ్చు. వీళ్ళని పడవ ఎక్కించడం నీ పని," అన్నాడు హిందీలో.

నేను గర్వపడ్డాను. భాష వస్తే చాలనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను గ్రంథాలయం బెంచీల మీద పెరిగాను. మా ఊళ్ళో ఆదివారం సాయంత్రాలు వాదనలు జరిగేవి. జాతకాలు నిజమా, ముహూర్తాలు కావాలా, తద్దినం ఎవరి కడుపు నింపుతుంది. పదిహేడో ఏట నేనొక పంచాంగం పంతులుగారిని నోరెత్తకుండా చేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చెవిలో ఉండగానే పట్టాళంలో చేరాను.

మాకిచ్చిన ఆర్డరు చిన్నది. ముందు గర్భిణులు, పసిపిల్లలు, జబ్బుమనుషులు. సామాన్లు వద్దు. సాయంత్రం ఐదు తర్వాత నీళ్ళ మీద ఎవరూ ఉండకూడదు.

శుక్రవారం ఉదయం 7:10కి పడవ దించాం. అల్యూమినియం పడవ, వెనక మోటారు, రెండు తెడ్లు, ముప్పై మీటర్ల తాడు, పది లైఫ్ జాకెట్లు. నా భుజాన వైర్‌లెస్ సెట్. డ్రైవరు మలయాళీ. నీళ్ళ మీద పుట్టినవాడు, మాటలు తక్కువ. మాతోపాటు నాంచారయ్య అని ఆ పక్క పల్లెలో చేపలు పట్టుకునే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. నీళ్ళ కింద బావి ఎక్కడుందో, ముళ్ళకంచె ఎక్కడుందో, కరెంటు స్తంభం ఎక్కడ వాలిందో అతనికి తెలుసు. ముందు కూర్చుని చేత్తో కుడీ ఎడమా చూపిస్తున్నాడు.

7:35. లంక దిగువన ఒక గడ్డివామి మీద మనిషి కనిపించాడు. తోటకి కాపలా ఉండే వీరాస్వామి అని నాంచారయ్య చెప్పాడు. అరవై దాటిన మనిషి. మాకూ అతనికీ మధ్య పాయ సుళ్ళు తిరుగుతోంది. డ్రైవరు నీళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు. ఎగువకి పోయి, వచ్చేటప్పుడు వాలున దిగితే తేలిక, ఇప్పుడు అడ్డంగా కొడితే పడవ తిరగబడుతుంది అన్నాడు.

వీరాస్వామి కూడా అదే కేకేశాడు.

"ఒరే నాంచారా! నాకేం తొందర్లేదురా. ఆ పెంకుటింట్లో పద్మ ఉంది, నిండు చూలాలు! ముందు దాన్ని తీసుకుపోండి!"

"నువ్వు జాగ్రత్త మావా!"

"నాకేంరా, దొరలా కూర్చున్నా! చుట్టొక్కటే తడిసిపోయింది. వచ్చేటప్పుడు పొడి చుట్ట పట్రా!"

నాంచారయ్య నవ్వాడు. నేనూ నవ్వాను.

7:50కి పెంకుటింటి వసారా స్తంభానికి తాడు కట్టాం. నేను దిగాను. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. తలుపులు తీసే ఉన్నాయి. లోపల అటక మీద ఇద్దరు. ఒకామె ముసలావిడ, పద్మ నాయనమ్మ. తల్లి లేని పద్మని పెంచింది ఈవిడే. పద్మకి ఇరవై ఏళ్ళుంటాయి. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. తండ్రి ముందురోజు గొడ్లని కట్ట మీదికి తోలుకుపోయి తిరిగి రాలేకపోయాడు.

"మామ్మగారూ, దిగండి. పడవ తెచ్చాం."

"ముందు నువ్వు ఆ గడప మీంచి దిగు. గడప తొక్కి నిలబడ్డావేంటయ్యా, నీకు చెప్పేవాళ్ళు లేరా?"

నిజమే, నా బూటు కింద గడప ఉంది. నీళ్ళ కింద, నాలుగడుగుల లోతున. దిగాను.

"శుక్రవారం పూట ఆడపిల్లని గడప దాటించను. రేపు పొద్దున్నే రండి. రేపు నేనే పంపిస్తా."

"రేపటికి ఈ ఇల్లు ఉండదు మామ్మగారూ. మట్టిగోడలు."

"మా మావగారు కట్టిన గోడలవి. ఎన్ని వరదలు చూశాయో నీకేం తెలుసు."

అక్కడ నేను వాదన మొదలుపెట్టాను. ఇంత వివరంగా గుర్తున్నందుకు సిగ్గుపడుతున్నాను. వారాలు మనుషులు పెట్టుకున్న పేర్లన్నాను. నదికి వారం తెలియదన్నాను. అసలు గడపే మునిగిపోయాక దాటడం ఏమిటన్నాను.

"మునిగితే గడప గడప కాకుండా పోతుందా? నువ్వు మునిగితే మీ అమ్మకి కొడుకువి కాకుండా పోతావా?"

బయట నాంచారయ్య కిసుక్కుమన్నాడు. నాకు మండింది. గ్రంథాలయంలో ఇంత గట్టి జవాబు నాకెవరూ చెప్పలేదు.

8:10కి సెట్‌లో సుబేదార్ సాబ్ గొంతు. "బోట్ టూ, ఆలస్యం ఎందుకు? ఓవర్."

"రానంటున్నారు సార్. ఓవర్."

"కారణం?"

"శుక్రవారం సార్. ఓవర్."

"మళ్ళీ చెప్పు."

"శుక్రవారం."

సెట్ గరగరలాడింది. తర్వాత అన్నాడు. "మా ఊళ్ళో మంగళవారం. ఏదో ఒకటి చెయ్యి, జల్దీ. ఓవర్."

ఆయన ఏదో ఒకటి చెయ్యమన్నాడు. నేను ఒక్కటే చేశాను. వాదించాను. పద్మ మధ్యలో ఒకసారి అంది: "నడుం లాగేస్తోంది నాయనమ్మా. అవి నొప్పులో కావో నాకే తెలీటంలేదు. మీరిద్దరూ కొట్టుకోండి." మేమిద్దరం ఆ పిల్ల వైపు చూసి మళ్ళీ ఒకరి వైపు ఒకరం తిరిగాం.

చివరికి ముసలావిడ అసలు సంగతి చెప్పింది. గొంతు తగ్గించి చెప్పింది.

"నా కూతుర్ని ఇలాగే ఒక శుక్రవారం పంపాను బాబూ. నెలలు నిండిన మనిషిని. అత్తారు తొందరపెడితే పంపాను. పురిట్లో పోయింది. మళ్ళీ ఆ పాపం నాతో చేయించకు."

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది మరి.

"మీ అమ్మాయి శుక్రవారం వల్ల పోలేదు మామ్మగారూ. మంత్రసాని చేతుల మురికి వల్ల పోయింది. డాక్టరు లేకపోబట్టి పోయింది."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఇవాళ అడిగినా అదే చెబుతాను. ముసలావిడ నా వైపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగింది. మళ్ళీ మాట్లాడలేదు. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. చిన్నప్పుడు పంతులుగారు కూడా ఇలాగే మాట్లాడలేదు. దాన్ని అప్పుడు గెలుపన్నారు.

టైము 8:35.

నాంచారయ్య నన్ను పక్కకి జరిపి గుమ్మం లోంచి తల పెట్టాడు. "అక్కా, నేను. నాంచారయ్యని. పద్మ గడప దాటొద్దులే. నేను పైన పెంకులు తీస్తా. కప్పు మీంచి వచ్చేస్తది. గడపకి శుక్రవారం ఉంది గానీ కప్పుకి ఏముందక్కా?"

ముసలావిడ ఇటు తిరిగింది. ఆలోచించింది. "కప్పు గురించి మా పెద్దాళ్ళు ఏం చెప్పలేదు," అంది.

"మరింకేం!"

అతను పడవలోంచి చూరు మీదికి ఎక్కాడు. పెంకులు తీసి నీళ్ళలోకి విసిరాడు. పెంకుల కింది చెక్క రీపర్లు రెండు కత్తితో నరికాడు. అటక మీదికి వెలుతురు పడింది. నేను లోపలికి పోయి అటక ఎక్కి పద్మకి భుజం ఇచ్చాను. డ్రైవరు పైనుంచి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. లైఫ్ జాకెట్లు పరిచి పడవలో పడుకోబెట్టాం. నిజం చెప్పాలంటే అదే మంచి దారి. నిండు మనిషిని ఛాతీలోతు నీళ్ళలో నడిపించాల్సిన పని తప్పింది. ఆ దారి నాకు తట్టలేదు. నేను గడపనే చూస్తున్నాను, ముసలావిడ లాగే.

"మామ్మగారూ, మీరు కూడా కప్పు మీంచే..."

"నాకెందుకయ్యా? నేను ఈ ఇంటి ఆడపిల్లనా? కోడల్ని. నాకు శుక్రవారం లేదు." నా భుజం పట్టుకుని అటక దిగి, నీళ్ళలో గడప దాటి, పడవెక్కింది.

8:50కి తాడు విప్పాం. 8:58కి గడ్డివామి ఉండాల్సిన చోటికి వచ్చాం. అక్కడ నీళ్ళు నున్నగా పోతున్నాయి.

"వీరాస్వామి తాత ఏడీ?" అంది పద్మ పడుకునే.

నాంచారయ్య చెయ్యి దిగువకి చూపించింది. లంక తోక దగ్గర తుమ్మచెట్లకి ఆనుకుని వామి తేలుతోంది. విడిపోలేదు, ఒరగలేదు, కుప్పగానే ఉంది. పైన ఎవరూ లేరు. మనిషి కూర్చుంటే గడ్డి అణిగి ఏర్పడే గుంట మాత్రం ఉంది. లోతుగా, ఇప్పుడే లేచి ఎక్కడికో వెళ్ళినట్టు. సన్నవాన ఆ గుంటలో పడుతోంది. నాంచారయ్య "మావా, మావా" అని పిలిచాడు. నేను ఇప్పటికీ సభల్లో మాట్లాడుతుంటాను. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా నాకు కనిపించేది ఆ గుంట.

పద్మని కట్టకి చేర్చి మళ్ళీ వచ్చి సాయంత్రం దాకా వెతికాం. మూడో రోజున దొరికాడు.

ఆ సాయంత్రం సుబేదార్ సాబ్ రిపోర్టు రాస్తూ అడిగాడు. "ఆలస్యానికి కారణం ఏం రాయను?"

"శుక్రవారం అని రాయండి సార్."

రాశాడు. అది అబద్ధం. శుక్రవారానికి పట్టింది పదిహేను నిమిషాలు, పెంకులు తీయడానికి. ముందు పోయిన నలభై అయిదు నావి.

పద్మకి మర్నాడు ఉయ్యూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున మేం గుడారాలు విప్పి సికింద్రాబాదు వెళ్ళిపోయాం.

చాలాకాలం నాంచారయ్యే సరైనవాడని అనుకున్నాను. మనిషి బతకాలి, నమ్మకం సంగతి తర్వాత చూసుకోవచ్చు అని. రెండువేల సంవత్సరం దాటాక పట్టాళం నుంచి ఇంటికొచ్చి ఒక వేసవిలో ఆ లంకకి వెళ్ళాను. ముసలావిడ ఇంకా ఉంది. మజ్జిగ ఇచ్చింది. పద్మ కూడా సెలవులకి వచ్చి ఉంది.

"చూశావా మిలట్రీ, గడప దాటలేదు, పిల్ల బతికింది," అంది ముసలావిడ సంతోషంగా. "ఆ తర్వాత మళ్ళీ నీళ్ళొచ్చినప్పుడు కిందింటివాళ్ళు కూడా వాళ్ళ పిల్లని పెంకులు తీసే పంపారు."

ఒక ప్రాణం కాపాడిన ఉపాయం ఊళ్ళో ఆచారమై కూర్చుంది. నేను తల పైకెత్తాను. పెంకుల్లేవు. వరద తర్వాత కట్టిన డాబా ఇల్లు. సిమెంటు స్లాబు.

"ఇప్పుడెలా మామ్మగారూ? స్లాబుని తీయలేం కదా?"

ఆవిడ కూడా పైకి చూసింది. "నా బెంగా అదే బాబూ," అంది. వెటకారం కాదు. నిజంగానే బెంగపడుతోంది.

నా నోట్లో పాత వాదన కదిలింది. మింగేశాను. పద్మ వైపు తిరిగి, వరదనాడు అడగాల్సింది ఇప్పుడడిగాను.

"ఆ రోజు నీకేమనిపించిందమ్మా?"

"మీరు తలుపు దగ్గరికి రాగానే దిగిపోదామనుకున్నానండి," అంది పద్మ. "ఎవరైనా నన్ను అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు."

ముసలావిడ మనవరాలి వైపు చాలాసేపు చూసింది. "అడగాల్సిందే," అంది చివరికి. అంతే. ఆ ఒక్కమాట కోసం నది ఎండి ఉండాల్సి వచ్చింది, మజ్జిగ తాగుతూ కూర్చోవాల్సి వచ్చింది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది చెబుతున్నాను. ఏటిలో ఇసుక తేలి ఉన్న ఈ ఎండాకాలంలోనే ఇంట్లో తగువు పెట్టుకోండి. మీ అమ్మతో, మీ అత్తతో, మీ నాయనమ్మతో. ఏ వారం, ఏ తిథి, ఏ శకునం మిమ్మల్ని ఇంట్లో కట్టిపడేస్తుందో బయటికి లాగండి. గెలవాలని చూడకండి. వాళ్ళ చచ్చిపోయిన కూతుళ్ళ గురించి చెబితే నోరు మూసుకుని వినండి. అలిగి అన్నం మానేస్తే బతిమాలండి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి. అందరికంటే ముందు, ఏ ఆడపిల్ల గురించి ఆ తగువో ఆ పిల్లని అడగండి, ఆమె చెప్పిందే అందరి ఎదుటా ఖాయం చెయ్యండి. నీళ్ళొచ్చేనాటికి ఆ తగువు పాతబడి ఉండాలి. వానలకి ఎక్కువ రోజుల్లేవు. లేవండి.