నేను నునుపు చేయని ఉక్కు ముక్క

ప్రాణమిచ్చి, చేతికి పనిచ్చి, ఇంతవరకు నడిపించిన దేవునికే మహిమ. సంఘంలో, వాక్యంలో పెరిగినదాన్ని. చనిపోయినవారు మన మధ్య తిరుగుతారని ఎన్నడూ నమ్మలేదు.

భిలాయిలో ఒక చిన్న ప్రయివేటు ల్యాబ్‌లో పనిచేస్తాను. విరిగిన ఉక్కును కోసి, ప్లాస్టిక్ బిళ్లలో బిగించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం అద్దంలా నునుపు చేసి ఇవ్వడం నా పని.

పోయిన వేసవిలో, బరువులెత్తే కొక్కెం తగిలించే ఉక్కు పలక ఒకటి వచ్చింది. అది విరిగి ఒక మనిషి కాలు నలిగింది. వెల్డింగ్ బాగాలేదని వెల్డర్ అప్పన్నగారిని పనిలోకి రానివ్వకుండా గేట్ పాస్ ఆపేశారు. ఆయన మా ల్యాబ్ గుమ్మం దగ్గరికొచ్చి, "నా తప్పయితే తప్పనే రాసీమ్మా. కానీ సూసి రాయి" అన్నారు.

కోసేటప్పుడు నీళ్లు చాలక రెండు ముక్కలు వేడికి పాడుచేశాను. మిగిలింది ఒక్కటే. దాన్ని రెండో గరుకు కాగితం దాకా అరగదీసి, గదికి తాళం వేసి, మధ్యాహ్నం అన్నానికి వెళ్లాను. తాళంచెవి ఒక్కటే. అది నా దగ్గరే ఉంది.

అరగంటలో తిరిగొచ్చేసరికి ముక్క అద్దంలా ఉంది.

మిగతా కాగితాలు మడత విప్పలేదు. వజ్రపు పేస్టు ట్యూబు సీలు అలాగే ఉంది. మెరుగు పెట్టే గుడ్డ పొడిగా ఉంది. నాకైతే ఆ పని రెండు గంటలు పడుతుంది.

మైక్రోస్కోప్ చూసే కవిత నవ్వింది. "క్యా బాత్ హై దీదీ, ఈయేళ ఒక్క గీతా లేదేటి? రావుగారు లేచొచ్చి చేసెళ్లారా?"

రావుగారు నాకు ముందు అదే బల్ల దగ్గర పనిచేసి, చనిపోయినాయన. నాకు నవ్వు రాలేదు.

తెరమీద పలక లోపల, వెల్డింగ్‌కు దూరంగా, సన్నని పగులు కనిపించింది. ఎక్స్-రే విశ్లేషణలో దాని నిండా మాంగనీసు, గంధకం. ఉక్కు పోతపోసిననాడే చేరిన మలినం. పలక అక్కణ్ణుంచే విరిగింది. అప్పన్నగారి తప్పు కాదు.

రిపోర్టు అడుగున 'నమూనా తయారుచేసినవారు' అని ఒక గడి ఉంటుంది. నేను చేయలేదంటే ఆ ముక్క చెల్లదు. ఇంకో ముక్క లేదు. సంతకం పెట్టాను. అప్పన్నగారు మళ్లీ పనిలోకి వెళ్లారు.

అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ సండే స్కూల్లో నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ పాఠం వచ్చిన వారం వేరే సిస్టర్‌కి అప్పజెబుతున్నాను. ఆ ముక్కను నునుపు చేసిన చేయి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. దేవునిదే అయితే, ఆయనకు నా అబద్ధంతో ఏం పని?

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, అప్పన్నగారి పాసు ఆయన దగ్గరే ఉండనివ్వు. నా పేరు మాత్రం ఆ గడిలోంచి తీసివేయి. ఆమేన్.