కొత్తలయ్యేదాకా మామిడి

పోయిన నెల ఒక మధ్యాహ్నం హైటెక్ సిటీలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ ఏటి మొదటి మామిడికాయ పప్పు పెట్టారు. వాసనకే నోరూరింది. అయినా పెరుగన్నంతో సరిపెట్టుకుంటుంటే, పక్కన కూర్చున్న కాకినాడ స్నేహితురాలు నా కంచంలోకి తొంగి చూసింది. "అదేంటండీ, పులుపంటే ప్రాణం పెట్టేవారు, పప్పు వద్దంటున్నారు! ఒంట్లో బాలేదా?" బాగానే ఉందనీ, మా ఊళ్ళో ఇంకా కొత్తలు కాలేదనీ చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. మా కోయవాళ్ళలో ఏ పంటైనా సరే, కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టి, ఊరి పెద్దలు మొదట తినేదాకా మిగతావాళ్ళం ముట్టం. ఈ మాట చెబుతుంటే బాలానగర్‌లోని మా సిస్టర్ల బడి కళ్ళముందుకొచ్చింది.

ఫ్యాక్టరీల వెనక ఎత్తైన గోడ, ఆ గోడ లోపల మా బడి. గోదావరి ఒడ్డు అడవుల నుంచి ఆడపిల్లల్ని తెచ్చి చదివించాలని ఎప్పుడో కొందరు సిస్టర్లు రేకుల షెడ్డులో మొదలుపెట్టారట. నేను వెళ్ళేసరికి మేడ, చర్చి, వరుసగా మంచాలు వచ్చేశాయి. వెళ్ళిన రోజే పేలు ఉంటాయని జుట్టు కత్తిరించారు. కోయలో మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే. అక్షరాలు వచ్చింది కూడా అక్కడే, ఆ మాటా ఒప్పుకోవాలి. బయటి మిషన్ల చప్పుడును మించి ఎక్కాలు అరిచేవాళ్ళం. అందుకే కాబోలు, మీటింగుల్లో నాకు మైకు అక్కర్లేదని ఆఫీసులో ఏడిపిస్తుంటారు.

పెద్ద సిస్టర్‌ది కేరళ. ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. మా పెద్దనాన్న కూతురు, మా అక్క, అప్పుడు పదో తరగతి. మా ఊళ్ళో పది పరీక్ష రాయబోయే మొదటి ఆడపిల్ల తనే. బడి పెరట్లోని మామిడి చెట్టు ఆ ఏడే తొలిసారి కాసింది. ఆ కాయలతో పప్పు వండించి, మేం సంబరపడతామని పెద్ద సిస్టర్ స్వయంగా వడ్డించింది. హాల్లో ఒక్కరి చెయ్యీ కదల్లేదు. ఆమె ముఖం ఎర్రబడింది. "తిననివాళ్ళు రేపు బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు" అంది. చిన్నపిల్లలం ఏడుపు అందుకున్నాం. అప్పుడు అక్క లేచింది. పరీక్ష పోతుందని తెలిసే లేచింది. "ఊర్ల మా ముసలోళ్ళు ఇంకా తినలే సిస్టర్. వాళ్ళకంటే ముందు మేం ఎట్ల తింటం? మీరు పండుగ దాకా మాంసం ముట్టరు గదా. మాది గూడ గంతే."

అది తపస్సుకాలం. ఈస్టర్ దాకా సిస్టర్లు మాంసం తినరు. పెద్ద సిస్టర్ మా కంచాలు తనే తీసి, మజ్జిగన్నం కలిపించింది. తన కంచంలోని పప్పు కూడా పక్కన పెట్టేసింది. చెట్టుకు కావలి ఎవరినీ పెట్టలేదు. కొమ్మలు చేతికందేటంత వంగాయి, కాయలు రాలి కాళ్ళకు తగిలేవి. ఎప్పుడూ ఆకలితో నకనకలాడే అంతమంది పిల్లలం వాటిని దాటుకుంటూ ప్రార్థనకు పోయేవాళ్ళం. ఒక్క కాయ మీద కూడా పంటిగాటు పడలేదు. ఊరి నుంచి మనిషి వచ్చి కొత్తలయ్యాయని చెప్పిన రోజు, పరీక్షలు రాసేసిన అక్క చేతిలో పెద్ద సిస్టర్ మొదటి ముక్క పెట్టింది. ఆమె నవ్వడం అప్పుడే చూశాం.

ఆ బడి మూతపడి చాలాకాలమైంది. అక్క మా ఊరి బళ్ళో పంతులమ్మ అయింది. నిన్న ఫోన్ చేసి, "కొత్తలైనయ్, ఇగ తినవే" అంది. నేను తినేముందు ఇంకో ఫోన్ చెయ్యాలి, చేశాను. పెద్ద సిస్టర్ ఇప్పుడు కేరళలో, వయసు మళ్ళిన సిస్టర్లుండే ఇంట్లో ఉంది. చూపు ఆనదు, పేర్లు మరిచిపోయింది, నా పేరు కూడా. నా గొంతు వినగానే మాత్రం, "మీ ముసలివాళ్ళు తిన్నారా?" అని అడిగింది. "తిన్నరు సిస్టర్" అన్నాను. "అయితే నేనూ తింటాను" అంది.

ఆనాడు మేం ఎవరి కోసం ఆగామో ఆ ముసలివాళ్ళు ఒక్కరూ ఇప్పుడు లేరు. ముందుగా తినే పెద్దల వరుసలో ఈ ఏడు మా అక్క కూర్చుంది. కాలం ఎంత నిమ్మళంగా మా విస్తళ్ళను ఆ వరుసలోకి జరుపుతోందో!