అమ్మలను అడిగి దిద్దిన తేదీలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు న్యూ టౌన్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కాలేజీ ప్రాజెక్టు కోసం ఏదో చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటూ కూర్చుంది. ఇంట్లోవాళ్ల పేర్లూ పుట్టినరోజులూ దాచుకునే ప్రోగ్రామట. నేను పప్పుగిన్నె పట్టుకుని వచ్చేసరికి వాళ్ల నాన్న పుట్టినరోజు ఏప్రిల్ పన్నెండు అని కొట్టి, అది డిసెంబరు నాలుగుగా మారిపోవడం చూసి విసుక్కుంటోంది. నేను గిన్నె బల్ల మీద పెట్టడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఆ తమ్ముడి తేదీయే, సరిగ్గా అలాగే, పాతికేళ్ల పైచిలుకు కిందట నా కంప్యూటర్లోనూ తిరగబడింది. మేనకోడలు ఫోనుని ఏదో అడిగింది, అది జవాబు చెప్పింది, అన్నం చల్లారేలోగా తప్పు సరిపోయింది. నాకైతే ఆ ఒక్క తప్పు దిద్దుకోవడానికి వారం రోజులూ, లిలువా రైల్వే కాలనీలో సగం ఇళ్లూ పట్టాయి.

మా నాన్న లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు. మా వరుస క్వార్టర్లలో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. బయట బెంగాలీ, హిందీ, ఇంట్లోకి వస్తే ఏటి, ఎందుకు, ఎల్లొచ్చినావా అనే మాటలు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, ఊరికే కూర్చోవడం ఇష్టంలేక, టికియాపారా దగ్గర ఒక ఇరుకు సందులో ఉన్న కంప్యూటరు క్లాసులో చేరాను. నాలుగు కంప్యూటర్లు, వాటికి పూలదుప్పట్లు, లోపలికి చెప్పులతో వెళ్లకూడదన్న నియమం, కరెంటు పోతే అందరం బయట మెట్ల మీద కూర్చుని టీ తాగడం. మీలో ఆ రోజుల్లో ఫ్లాపీలు సంచీలో వేసుకుని తిరిగినవాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు.

మాకు నేర్పే బెంగాలీ ఆయనను అందరం దాదా, అంటే అన్నయ్యా, అనేవాళ్లం. ఆయన తప్పు ఎక్కడుందో ఎప్పుడూ చూపించేవాడు కాదు. యంత్రం ఏం చేస్తుందనుకున్నావో ముందు అది చెప్పు, తర్వాత ఏం చేసిందో చెప్పు, రెండింటి మధ్య ఎక్కడ విడిపోయాయో నీకే కనబడుతుంది అనేవాడు. వినేవాళ్లు దొరక్కపోతే కంప్యూటరు ముఖం చూడనివాళ్లకు చెప్పమనేవాడు. నాకు అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది, మా అమ్మ. ఆవిడ చేపలు శుభ్రం చేస్తుంటే పక్కన పీట వేసుకుని నా గోడు చెప్పుకునేదాన్ని. ఒకసారి వందల పేర్లను వరుసగా చదివించే ప్రోగ్రామ్ రాస్తే, అది చదువుతున్నంతసేపూ తెర మీది కిటికీ తెల్లబోయి ఏ మీటకీ పలికేది కాదు. అది పాడైపోయిందనుకుని పదేపదే ఆపేసేదాన్ని. అమ్మ అంతా విని, తాను నాలుగు పొయ్యిల పని చేస్తున్నా ఎవరైనా పిలిస్తే తలెత్తి ఊఁ అంటుంది కదా, దాన్ని కూడా మధ్యమధ్యలో తలెత్తమని చెప్పు అంది. మర్నాడు దాదాకి ఈ మాట చెబితే కుర్చీలోంచి లేచి నవ్వాడు. సరిగ్గా అలా తలెత్తమని చెప్పే ఆజ్ఞ ఒకటి ఉందనీ, వచ్చే వారం పాఠం అదేననీ అన్నాడు. ఇంత తెలివిగల అమ్మను పెట్టుకుని నేను తర్వాత చేసిన బుద్ధితక్కువ పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఏడు వానలకి మా తెలుగు సంఘం చర్చిలోకి నీళ్లు వచ్చి, పుట్టుకలూ బాప్తిస్మాలూ రాసుకునే పెద్ద పుస్తకం నానిపోయింది. ఒక్కో పేజీ విడదీసి, ఆరబెట్టి, చదవగలిగినంత చదివి కంప్యూటర్లోకి ఎక్కించే పని సంఘపెద్ద నాకు అప్పగించారు. ఆయన వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ, మీసం ఎక్కువ. నేను చేసిన మొదటి నిజమైన ప్రోగ్రామ్ అదే. ఒక కిటికీ, అందులో పేరుకి ఒక గడి, తల్లిదండ్రులకి రెండు, పుట్టిన తేదీకి ఒకటి, కింద సర్టిఫికెట్ అచ్చువేసే బొత్తాం. పొద్దున్న ఆరిన పేజీలు క్లాసులో కంప్యూటరు మీదా, సాయంత్రం ఆరినవి చర్చికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు మీదా కొట్టి, ఫ్లాపీలో ఇటూ అటూ మోసి, రెండు నెలల్లో ముగించాను. అయిపోయిన రోజున, ఇంక ఆ పుస్తకం అక్కర్లేదండీ అని నేనే అన్నాను. అప్పటికే పేజీలు బూజుపట్టి ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. పెద్దాయన ఒక్క క్షణం నా వైపు చూసి, సరేనమ్మా అని తీసి పారేయించారు. నా గర్వానికి ఆ రోజు హద్దు లేదు.

మా పక్క క్వార్టర్లో ఒక అమ్మాయి ఉండేది, నాకంటే ఏడేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేది. పుట్టిన నెలన్నరకే తల్లి పోయింది. తండ్రి ఖరగ్‌పూర్‌కు బదిలీ చేయించుకుని అక్కడే వేరే సంసారం పెట్టాడు, ఉత్తరం రాస్తే జవాబు ఉండదు. ఊరి నుంచి మేనత్త వచ్చి పెంచింది. మరుసటి ఏడు వేసవికి ఆ మేనత్తకు ఒంట్లో బాగుండక తిరిగి వెళ్లిపోతోంది, పిల్లను కూడా పలాస తీసుకుపోయి జీడిపిక్కలు కొట్టే పనిలో పెడతానంటోంది. ఆ పిల్ల మనసంతా ఒక మిషన్ ఆస్పత్రిలో ఇచ్చే నర్సు శిక్షణ మీద ఉంది. జూలై ఒకటికి పదిహేడు నిండాలి. బడిలో మాస్టారు అందరికీ జనవరి రెండే పుట్టినరోజుగా వేసేవారని ఆస్పత్రివాళ్లకీ తెలుసు కాబట్టి చర్చి కాగితమే కావాలన్నారు. నా ప్రోగ్రామ్ జూలై మూడు అని అచ్చువేసి ఇచ్చింది. దరఖాస్తు వెనక్కి వచ్చింది. మరుసటి శిక్షణ మూడేళ్ల తర్వాతేనట.

ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడి, కాగితం మడతపెట్టి, "రెండ్రోజులు తక్కువైపోనాదట అక్కా" అంది. కంప్యూటరు ఉన్నది ఉన్నట్టే వేస్తుంది, మనం ఏం చేస్తాం అని నేను ఎంత నిబ్బరంగా చెప్పానో! తర్వాత చర్చికి వెళ్లి, ఎందుకైనా మంచిదని పేర్లు తిరగేస్తుంటే మా తమ్ముడి పేరు తగిలింది. వాడు పుట్టింది పయిలా బైశాఖ్‌కి, అంటే బెంగాలీల ఉగాదికి, రెండు మూడు రోజుల ముందు, ఏప్రిల్ పన్నెండున. ఏటా వాడి పేరు చెప్పి మిఠాయి తినేదాన్ని కదా, నాకు తెలియదా! తెర మీద డిసెంబరు నాలుగు అని ఉంది. ఆ ఫ్లాపీ పట్టుకుని దాదా దగ్గరికి పరిగెత్తాను.

దాదా తన పద్ధతిలోనే నాచేత చెప్పించాడు. క్లాసులో యంత్రం రోజు ముందు, నెల తర్వాత అని చదువుతుంది. చర్చిలో యంత్రాన్ని ఎవరో నెల ముందు అని చదివేలా పెట్టి వదిలేశారు. నేను రెండింటి మీదా ఒకే తీరున కొట్టాను. పన్నెండు దాటిన తేదీ అయితే అది నెల కాలేదు కాబట్టి రెండూ సరిగ్గానే తీసుకున్నాయి. పన్నెండులోపు తేదీలను మాత్రం చర్చి యంత్రం నోరెత్తకుండా తిరగేసి దాచుకుంది. ఏ పేరు ఏ యంత్రం మీద కొట్టానో ఎక్కడా రాసుకోలేదు. అలాంటివి నలభై పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఏది సరైందో, ఏది తిరగబడిందో చెప్పాల్సిన పుస్తకాన్ని నేనే పారేయించాను. ఆ పిల్ల నిజంగా జూలై మూడున పుట్టిందా, మార్చి ఏడున పుట్టిందా? మార్చి అయితే నర్సు, జూలై అయితే జీడిపిక్కలు. తేదీలో తప్పుందేమోనని చెబితే ఆస్పత్రివాళ్లు శనివారం దాకా గడువిచ్చారు.

ఆదివారం ఆరాధన తర్వాత లేచి నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఎవరూ తిట్టలేదు గానీ, పెద్దాయన ఆ నలభై పేర్లూ కాగితం మీద రాసి తెమ్మన్నారు. సోమవారం నుంచి నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. తేదీలు ఏ తల్లికీ గుర్తులేవు. కానీ అమ్మా, వీడు పుట్టినప్పుడు ఎలా ఉంది అని అడిగితే చాలు, ఆ రోజు మొత్తం తెచ్చి నా ముందు పెట్టేవారు. ఫిబ్రవరి ఎనిమిదో ఆగస్టు రెండో తేలనివాడి తల్లి, వర్క్‌షాపు గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లలో ఆయన చెప్పులు చేతబట్టుకుని డాక్టరు కోసం వెళ్లాడంది, ఆగస్టు అని దిద్దాను. మరొకావిడ చలికాలంలో వచ్చే ఖర్జూరబెల్లంవాడు వీధిలో అరుస్తుండగా నొప్పులు మొదలయ్యాయంది, అక్టోబరు కొట్టేసి జనవరి చేశాను. మే ఆరా, జూన్ అయిదా అన్నదే పెద్ద చిక్కైంది, రెండూ మండే ఎండలే. బజారులోకి హిమసాగర్ మామిడిపళ్లు దిగాయా అని అడిగాను, దిగడమేమిటి, బాలింతకు పెట్టకూడదంటూ అందరూ నా ముందే కూర్చుని తిన్నారు అని ఆవిడకి అన్నేళ్లయినా కోపమే; ఆ పళ్లు మే ఆఖరుకి గానీ రావు, జూన్ అయిదు అని రాసుకున్నాను. అలా ఒక్కొక్కటీ తేలుతూ వచ్చింది. నాకు ఆ ఇళ్లు వదిలి రావాలనిపించేది కాదు.

గురువారానికి అన్నీ తేలాయి, ఆ ఒక్కటీ తప్ప. చెప్పడానికి తల్లి లేదు. మేనత్త వచ్చింది పిల్లకు ఆరో నెలలో. మంత్రసాని ఎప్పుడో బీహారు వెళ్లిపోయింది. సాయంత్రం వంటింటి గడప మీద కూలబడి, ఈ వారమంతా పరువు కోసం ఇంట్లో చెప్పకుండా దాచిన ఈ సంగతి అమ్మ ముందు వెళ్లగక్కి ఏడ్చాను. ఆ ఆదివారం ఆవిడ జ్వరంతో చర్చికి రాలేదు మరి. అమ్మ చేతిలో చేప వదలకుండానే అంది:

"ఆ గుంట డోల్ మర్నాడు పుట్టింది. మంత్రసాని చేతులకి రంగు ఇంకా పోనేదు, నానే సబ్బిచ్చి తోమించినాను. అప్పుటికి నీ తమ్ముడు నా కడుపులో ఉన్నాడు."

డోల్ అంటే రంగుల పండగ, మార్చి నెల. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని అరిచినంత పని చేశాను.

"అడిగినావేటి?" అంది అమ్మ. చేప కడిగి గిన్నెలో వేసి, ఆ ఏడు నన్ను ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచారు కాబట్టి నాకు అంతవరకూ తెలియని మాట చెప్పింది. ఆ పిల్ల తల్లి పోయేనాటికి మా తమ్ముడు పదిరోజుల వాడట. మేనత్త వచ్చేదాకా, నాలుగు నెలల పైన, ఇద్దరికీ అమ్మే పాలిచ్చిందట. మేనత్త వచ్చాక, పిల్లను పెంచుకోవడానికి ఊరొదిలి వచ్చిన మనిషి ముందు ఆ మాటెందుకని ఊరుకుందట. డబ్బాపాలతో బతికిందనే మేనత్త అనుకుంది.

శుక్రవారం పెద్దాయన ఎదుట అమ్మ, పిల్ల డోల్ మర్నాడు పుట్టిందని చెప్పింది. మీ అమ్మాయి తప్పు కప్పిపుచ్చడానికి చెబుతున్నావని రేపు ఎవరైనా అంటే ఏం చేస్తావమ్మా అని ఆయన అడిగారు, అడగాల్సిన మాటే అది. అప్పుడు అమ్మ తల వంచుకుని పాల సంగతి చెప్పింది, ఏప్రిల్‌లో మా తమ్ముడితో పాటు పాలు తాగిన పిల్ల జూలైలో పుట్టి ఉండదు కదా. మేనత్త పక్కనే ఉంది. లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్లూ నాకు సెప్పనేదేటి వొదినా" అంది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, మార్చి ఏడు అని తన చేత్తోనే రాసి సంతకం పెట్టారు. ఆ రోజు అచ్చువేసే బొత్తాం నొక్కమని నన్ను ఎవరూ అడగలేదు, నాకూ అడగాలనిపించలేదు.

ఆ అమ్మాయి నర్సయింది. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, పక్కన కూర్చున్నది ఆమే. నేను ఆ తర్వాత చాలా ఏళ్లు చాలా కంపెనీలకు ప్రోగ్రాములు రాశాను, ఎక్కడా తేదీని గడిలో అంకెలుగా కొట్టనివ్వలేదు, నెలను పేరుతో ఎంచుకోవాల్సిందే. చర్చి ప్రోగ్రాములో మాత్రం ఇంకో గడి కలిపాను, తల్లులు చెప్పిన మాటలు అందులో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను, నీళ్లూ, బెల్లమూ, మామిడిపళ్లూ, మంత్రసాని చేతుల రంగూ. ఆ అచ్చుకాగితాలు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఆ తల్లుల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు, లిలువాలో ఆ క్వార్టర్లూ సగం ఖాళీ. ఇప్పుడు బిడ్డ పుడితే ఆస్పత్రిలోనే తేదీ, గంట, నిమిషంతో సహా కంప్యూటరుకి ఎక్కుతుంది, ఎవరినీ అడగాల్సిన పని లేదు.

మొన్న మేనకోడలు తప్పు దిద్దుకున్నాక, సరిచూడడానికి నా పుట్టినరోజు అడిగింది. నవంబరు ఇరవై మూడు అని చెప్పాను. కొట్టింది, సరిగ్గానే వచ్చింది. "అత్తా, నీది అసలు ముందు నుంచీ ప్రాబ్లమే లేదు, దేఖో" అని నవ్వింది. నిజమే, నాది పన్నెండు దాటిన తేదీ, ఏ యంత్రం మీదా తిరగబడలేదు. అందుకే ఆ వారం నలభై ఇళ్లు తిరిగి అందరు అమ్మలనూ అడిగిన మాట మా అమ్మను మాత్రం అడగలేదు. నేను పుట్టిన రోజు ఎలా ఉందో నాకు తెలియదు. బీరువాలోని కాగితాల్లో నా పేరు పక్కన ఆ గడి ఖాళీగా ఉంది.